దూది ఏకినట్లు

రెండు జీబీ ర్యామ్, పదహారు జీబీ మెమరీ,
అందులో సగం కంపెనీవాడే కాపురముంటాడు.
గాజు మీద సాలెగూడంత పగులు,
ఊడిన వెనకట్టకు రబ్బరు బ్యాండు.
"తెరిస్తే తిరుగుతానే ఉంటాది దస్తగిరీ,
గానుగెద్దు మాదిరి" అనింది ఉజ్జినమ్మ,
అంగన్‌వాడీ టీచరు,
గుంతకల్లు స్టేషన్ రోడ్డులో నా బంకు ముందర
ఎండకు కొంగు అడ్డం పెట్టుకుని.

ర్యామంటే ఏందో పాఠం చెప్పలేదు నేను.
స్టేషన్ తట్టు చెయ్యి చూపిస్తి.
"ఉండే ప్లాట్‌ఫారాలు అవే టీచరమ్మా,
బండ్లు ఎక్కువైనాయి.
జనం దిగిపోయినా కదలకుండా నిలబడినవి కొన్ని.
నీ పిల్లల బండి ఔటర్లో కూత పెడతాంది."
"ఐతే పచ్చజెండా ఊపు" అని నవ్వింది.

ఊపితి.
ఎవురి పిల్లోడో ఎక్కించిన కార్ల ఆట, తీసేస్తి.
టార్చిలైటుకు మళ్లీ యాప్ ఎందుకు,
ఫోన్లోనే ఉండాదే లైటు, అదీ తీసేస్తి.
ఎవరెవరో పంపిన శుభోదయాలు పదకొండు వందల నలభై:
గులాబీలు, కాఫీ కప్పులు, కొండల మీది సూర్యుళ్లు.
అడక్కుండా దిగే బొమ్మలకు గేటు వేస్తి.
బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు తడితే
లోపలి గది ఒకటి తెరుచుకుంటాది,
ఆడికి పోయి యానిమేషన్లు ఆపితి.
తెర ఇంక వయ్యారాలు పోదు,
పిలిస్తే పలుకుతాది.
ఎనకాల నడిచే పనులు రెండుకు మించొద్దంటి.

క్యాష్ తుడిచేటప్పుడల్లా
మా నాయన మతికొస్తాడు.
దూదేకులోళ్లం మేము.
పదేండ్లు మనిషి పొర్లిన పరుపు
ఇటుకరాయంత గట్టిపడి వచ్చేది మా ఇంటికి.
"కొత్త దూది తేవాల్నా పీరన్నా?" అనేవాళ్లు.
ఆయన మాట్లాడేవాడు కాదు.
దూలానికి విల్లు వేలాడగట్టి
కొయ్యగుండుతో నారిని కొట్టేవాడు,
టుంయ్, టుంయ్.
దుమ్ము ఒకపక్క, గింజపొట్టు ఒకపక్క,
ఆ దూదే, ఆ బరువే,
మోకాటి ఎత్తు పొంగేది.
ఆయన రొమ్ములో పేరుకున్న దుమ్మును మాత్రం
ఎవురూ ఏకలేదు.

"ఇవి కూడా తీసేద్దామా?" అంటి.
త్రాసు ముల్లు, ఊయల సంచి, అంతా మసక,
అన్నిట్లో ఒకే పిల్లోడు.
"పైకి ఎక్కిపోయినాయి కదా, సర్వర్లో భద్రంగా ఉంటాయి."
నా మణికట్టు పట్టుకునింది.
"సుంకన్నగాని కొడుకు. తిరునాళ్లప్పుడు ఆరుంబావు.
ఇదో, ఈడ ఆరున్నర.
ఈడ తగ్గినాడు, జరమొచ్చి.
ఇది మొన్న మంగళవారం. ఏడు గీత, చూడు, దాటినాడు.
సర్వర్‌కు తెలుస్తాదా
ఈ వెంట్రుకంత జరగడానికి ఎన్నినాళ్లు పట్టిందో?"

ఆ మసకలో నాకు ముల్లే కనపల్యా.
ఆమెకు కనపడతాంది.

పాత కార్డు ఒకటుంటే వేస్తి, ఎనిమిది జీబీది.
ఆ ఫోటోలన్నీ అందులోకి జరిపి
ఫోల్డరుకు పేరేం పెట్టాల అంటే
"ముల్లు" అనింది.

ముప్పై అడిగితే ఇరవై ఇచ్చింది.
బస్సెక్కే ముందర ఎనక్కి తిరిగొచ్చి
యాప్ తెరిచి నా మొగం మీద పెట్టింది.
ఒకటి, రెండు, మూడు, నాలుగు.
తెరుచుకునింది!
నాకు నాయన విల్లు మోగినట్లయింది, చెప్పలేదు.

తెల్లారి ఎనిమిది కాకముందే ఫోను.
"దస్తగిరీ, అప్‌డేట్ అంటప్పా.
చేసుకోకుంటే హాజరు పడదంట.
ఎనభై నాలుగు ఎంబీ."
ఎనకాల పిల్లల గోల,
ఒకడు మాత్రం పైకప్పు లేచిపోయేట్లు ఏడుస్తాండాడు.
"ఎవురమ్మా అది?"
"వాడే. ఏడు కేజీలోడు."
"గొంతు పది కేజీలుండాదే" అంటి.
"సాయంత్రం తీసుకురా ఫోను,
ఇంకోసారి ఏకుదాం."